ఇరవై రెండు వరసల గోడ

ముసాంగు మార్కెట్ కమిటీ పెద్దలారా, మొదటి తప్పు మీది. మినీబస్సు డ్రైవర్లూ, రెండోది మీది. ఎవరూ చావకుండానే డిసెంబర్ ముప్పై ఒకటో తారీఖున ఊరు ఊరంతా నేలమీద కాళ్లు చాపుకుని ఏడ్చిందంటే, అందులో ఫైనెస్ తప్పు మూడోది. ఆమె తన తప్పు ఆ రోజే నలుగురిలో నిలబడి ఒప్పుకుంది. మీరే ఇంకా నోరు విప్పలేదు.

ఫైనెస్ మార్కెట్ వరండాలో బట్టలు కుట్టే మనిషి. యాభై రెండేళ్లు. వయసులో ఉండగా జిల్లా నెట్‌బాల్ జట్టులో గోల్ షూటర్. ఇప్పటికీ గుడ్డముక్కని ఉండచుట్టి, పది అడుగుల అవతల ఉన్న బుట్టలోకి తల తిప్పకుండానే వేస్తుంది. మిషను పక్కన ఒక చిన్న రేడియో ఉంటుంది. ప్రపంచంలో ఏ మూల ఏ ఆటలో ఎవరు విజేత అయినా ఆమె పెడలు ఆపి, కొలతల పుస్తకం వెనక పేజీల్లో రాసుకుంటుంది. మారథాన్, ఈత, కుస్తీ, విలువిద్య, చదరంగం, చివరికి జన్మలో చూడని మంచుమీద జారే పందెం కూడా. ఒక్కోసారి వెనక పేజీలూ ముందు పేజీలూ కలిసిపోతాయి. ముసాంగులో ఒకాయన లాగు నడుము కొలత పక్కన ఇప్పటికీ నార్వే అని ఉంటుంది.

ఏడాది చివర రేడియోవాళ్లు ఆ సంవత్సరపు విజేతలందరినీ ఒకసారి చదువుతారు. ఫుట్‌బాల్‌కి నలభై నిమిషాలు. మిగతా మగవాళ్ల ఆటలకి ఇరవై. అన్నీ అయ్యాక, వాతావరణానికి ముందు, ఊపిరి పీల్చుకునేంత సేపు నెట్‌బాల్. "ఇక నెట్‌బాల్‌లో కూడా పోటీలు జరిగాయి" అంటాడు ఆ మనిషి, ఎవరింట్లోనో పిల్లి ఈనిందని చెప్పినట్టు. అది విన్నప్పుడల్లా ఫైనెస్ సూది విరగ్గొడుతుంది.

ఈ ఏడాది ముసాంగు బడి ఆడపిల్లలు మూడు దేశాల బడుల పోటీకి వెళ్లారు. జాంబియా వాళ్లని ఓడించారు, మొజాంబిక్ వాళ్లని ఓడించారు, కప్పు పట్టుకొచ్చారు. రేడియో ఒక్క ముక్క అనలేదు. కమిటీ ఒక్క దండ వెయ్యలేదు. ఆ కప్పు ఇప్పుడు హెడ్‌మాస్టరు గదిలో సుద్దముక్కలు వేసుకోవడానికి పనికొస్తోంది. ఫైనెస్ కొలతల పుస్తకం చంకలో పెట్టుకుని మార్కెట్ కమిటీ చైర్మన్ లాస్టన్ దగ్గరికి వెళ్లి, రోడ్డు పక్కన ఉన్న పాత మొక్కజొన్న గోదాము గోడ అడిగింది. ఏడాది పొడుగునా ప్రపంచంలో ఎవరెవరు దేంట్లో గెలిచారో రాస్తాను, అందులో మన పిల్లల్ని కూడా రాస్తాను అంది.

"ప్రపంచ విజేతల పక్కన మన బడి పిల్లలా?" చైర్మన్ నవ్వాడు. "వాళ్లకీ వీళ్లకీ పోలికేంటమ్మా?"

"మా పిల్లలు మూడు దేశాల పోటీలో గెలిచారు. మీరు కిందటి ఎన్నికల్లో ఓడించింది ఒక్క మనిషిని, అదీ జ్వరంతో ఇంట్లో పడుకున్నవాణ్ని. మీ బొమ్మ ఆరు గోడలమీద ఉంది."

పన్నెండేళ్లుగా గబ్బిలాలు తప్ప ఎవరూ మొహం చూడని ఆ గోడ, ఆ నిమిషం నుంచి కమిటీకి ముద్దొచ్చేసింది. ఒక ఫోన్ కంపెనీ అడుగుతోందన్నారు. దాన్ని కింది నుంచి పై దాకా తమ రంగు కొట్టేస్తారట. ఆరు నెలలు తిప్పి తిప్పి చివరికి చైర్మన్ ఒక మెలిక పెట్టాడు. "డిసెంబర్ ముప్పై ఒకటి, మధ్యాహ్నం పన్నెండు. అప్పటికి ఏడాది ఫలితాలన్నీ గోడమీద ఉండాలి. ఉంటే గోడ నీది. ఒక్క వరస తక్కువైనా, ఒక్క అక్షరం అలికినా, కంపెనీవాళ్లు రంగు డబ్బాలతో రెడీగా ఉంటారు."

అలా ఆ రోజు పొద్దున్నే ఆరింటికి ఫైనెస్ నిచ్చెన వేసింది. మొత్తం ఇరవై మూడు వరసలు. వారం రోజులుగా రాస్తూ పద్దెనిమిది పూర్తి చేసింది. ఇంకా అయిదు. మొదటి నాలుగూ నల్లరంగులో. ఆఖరిది నెట్‌బాల్, ఎర్రరంగులో, అడుగు ఎత్తు అక్షరాలు, ఏడుగురు పిల్లల పేర్లతో సహా. దానికోసం ఒక కొత్త కుంచె కూడా దాచింది. పదకొండు గంటలకల్లా నిచ్చెన దిగి, స్నానం చేసి, మంచి బట్ట కట్టుకుని చైర్మన్‌కి ఎదురు వెళ్లాలని ఆమె లెక్క.

ముందురోజు రాత్రి వాన పడింది. గోడ ముందే రోడ్డులో ఒక గుంట, దాని నిండా ఎర్రనీళ్లు. పంతొమ్మిదో వరస రాయడం పూర్తయిందో లేదో, ఒక మినీబస్సు ఆ గుంటలో పడి లేచింది. టేబుల్ టెన్నిస్ మీద ఎర్రబురద పడింది. ఫైనెస్ తుడిచి మళ్లీ రాసింది. రెండో బస్సు వచ్చింది. సైక్లింగ్ పోయింది.

"ఒరేయ్, కళ్లున్నాయా నీకు? తడి రంగు!"

"టైమ్ లేదమ్మా!" అని కండక్టర్ తలుపు పట్టుకుని వేలాడుతూ అరిచాడు.

ఆమె రోడ్డు మధ్యలో రాళ్లు పేర్చింది. వాటిని తప్పించుకోవడానికి బస్సులు గోడకి మరింత దగ్గరగా పోయాయి. కుర్చీ పెట్టింది. కుర్చీ కాలు విరిగింది. తనే నిలబడి రెండు చేతులూ ఊపింది. బస్సు ఎక్కుతుందేమోనని ఒకడు ఆపి, ఎక్కదని తెలిసి తిట్టి పోయాడు. పసిపిల్ల అడ్డం వచ్చినా బ్రేకు మీద కాలు పెట్టని ఈ డ్రైవర్లు ఒకే ఒక్కదానికి ఆగుతారు. రోడ్డుమీద పచ్చి కొమ్మ పడి ఉంటే పక్కింట్లో శవం ఉందని అర్థం. అక్కడ ఎంత తాగినవాడైనా బండి నెమ్మదిస్తాడు, పాట ఆపేస్తాడు, టోపీ తీస్తాడు. బతికున్నవాళ్ల కోసం తియ్యని టోపీ!

ఎనిమిదింటికి ఫైనెస్ గోదాము వెనక ఉన్న చెట్టు నుంచి రెండు కొమ్మలు విరిచింది. గోడకి ఇటొకటి అటొకటి రోడ్డుమీద పడేసింది. చేస్తున్నది తప్పని ఆమెకి తెలుసు. ఊరిపెద్దకి తెలిస్తే ఊరుకోదని కూడా తెలుసు. ఒక్క గంటే కదా, రంగు ఆరగానే తీసేస్తాను అనుకుంది.

తరవాతి బస్సు కొమ్మని చూసి నత్తలా నడిచింది. పాట ఆగింది. ఇందాక టైమ్ లేదన్న కండక్టరే టోపీ గుండెలమీద పెట్టుకుని, "ధైర్యంగా ఉండమ్మా" అన్నాడు. చుక్క నీరు కూడా చిందలేదు. ఫైనెస్‌కి కడుపు నిండినంత సంతోషమేసింది. ఆ బస్సులో పద్నాలుగు మంది ఉన్నారన్న సంగతి ఆమె ఆలోచించలేదు. పద్నాలుగు మందీ పద్నాలుగు చోట్ల దిగారు. దిగినచోటల్లా గోదాము దగ్గర చావు జరిగిందని చెప్పారు.

ముందుగా పరిగెత్తుకొచ్చింది ఎమిలిడా. మండాసి బూరెలు వేయించి అమ్ముకునే మనిషి, పక్కింటామె. ఆమె కూతురు, తియామికే అనే పిల్ల, మన బడి జట్టులో ఇప్పటి గోల్ షూటర్. ఎమిలిడాకి కొమ్మలు కనిపించాయి. తలకి చితెంజే గుడ్డ చుట్టుకుని, కళ్లు చింతనిప్పుల్లా ఎర్రగా ఉన్న ఫైనెస్ కనిపించింది. ఇంకేం కావాలి?

"అక్కా! జోహన్నెస్‌బర్గ్‌లో ఉన్న మీ తమ్ముడేనా? ఆ గనిలోనేనా?"

"ఎవరూ కాదే. కళ్లలో సున్నం పడింది."

"అవునక్కా, మొదట్లో అందరం అలాగే అంటాం. మా ఆయన పోయినప్పుడు నేను ఉల్లిపాయలని చెప్పాను." అని ఎమిలిడా ఆమెని నిచ్చెనమీద నుంచి కిందికి లాగి, కావలించుకుని, వీధి అదిరేలా గొంతెత్తింది. ఆ కేక విన్న ఇద్దరు వచ్చారు. ఆ ఇద్దరి కేకలు విన్న ఎనిమిదిమంది వచ్చారు. ఎవరో చాప తెచ్చారు. ఫైనెస్‌ని దానిమీద కూలేశారు. ఆమె లేవబోతే నలుగురు భుజాలు పట్టుకుని కూర్చోబెట్టారు.

"వదలండి, నాకు ఇంకా రెండు వరసలు రాయాలి!"

"పిచ్చెక్కిస్తుందమ్మా దుఃఖం. నీళ్లు తాగించండి."

"ఎవరూ పోలేదే తల్లీ!"

"పోలేదు, మనలోనే ఉన్నాడు, మన గుండెల్లోనే ఉన్నాడు" అని అంతా ఒక్కసారిగా ఘొల్లుమన్నారు.

తొమ్మిదిన్నరకి ఆడవాళ్లు నెత్తిమీద మొక్కజొన్న పిండి పళ్లాలతో, కట్టెల మోపులతో బారులు తీరారు. మగవాళ్లు అవతల రాళ్లమీద కూర్చుని గడ్డాలు చేతుల్లో పెట్టుకున్నారు. పోయిందెవరని దుఃఖంలో ఉన్నవాళ్లని అడగడం ముసాంగులో మర్యాద కాదు. ఎవరికి వాళ్లు ఊహించుకోవాలి. ఫైనెస్‌కి మాత్రం నోరు పూర్తిగా తెరవడానికి భయం పట్టుకుంది. ఉత్తుత్తి కొమ్మ వేసిందని ఇప్పుడు ఈ రెండు వందలమంది ముందు చెప్పడమంటే మాటలా? కొంచెం పలచబడితే చెబుదాం, ఈలోగా ఎలాగైనా నిచ్చెన ఎక్కుదాం అని చూసింది. జనం పలచబడలేదు. పైగా పాట ఎత్తుకున్నారు.

అప్పుడు వచ్చాడు చర్చి పెద్ద వైసన్. కళ్లద్దాలు ఇంట్లో మరిచాడు గానీ గొంతు తెచ్చుకున్నాడు. "మృతుల వివరాలు గోడమీద రాశారు" అని ఎవరో ఆయన చెవిలో వేశారు. నల్లరంగు, తడి అక్షరాలు, వరసగా పేర్లు. ఆయన గోడకి ముక్కు ఆనించి, బైబిలు గుండెలకి హత్తుకుని, ప్రార్థన గొంతుతో మొదలుపెట్టాడు.

"యూకో. జపాన్. ఈత."

"గనిలోకి నీళ్లొచ్చాయన్నమాట" అన్నాడు రాళ్లమీద ఒకడు.

"రుస్తం. ఉజ్బెకిస్తాన్. బరువులెత్తడం."

"బండ మీద పడింది."

"ఇంగ్రిడ్. నార్వే. మంచుమీద జారుడు."

"అయ్యో, ఆడపిల్ల. జారి పడిపోయింది."

"గనిలో మంచేంటి?"

"లోతు గని. లోపల చల్లగా ఉంటుంది. నువ్వు వెళ్లావా? మా బాబాయి వెళ్లాడు."

"పార్క్. కొరియా. విలువిద్య. బాణం."

బాణంతో చంపేశారంటే ఇది మామూలు ప్రమాదం కాదని అందరికీ అర్థమైంది.

"అరాం. అర్మేనియా. చదరంగం."

"చదరంగం ఆడుతూ ఎలా చస్తారయ్యా?"

"కూర్చుని కూర్చుని. మా మామ కూడా అలాగే పోయాడు."

ఫైనెస్ చాపమీద నుంచి, "వాళ్లు చావలేదు, గెలిచారు!" అని అరిచింది. వైసన్ కళ్లు తుడుచుకుని జనంవైపు తిరిగాడు. "విన్నారా ఈ తల్లి విశ్వాసం! చావుని గెలిచారంటోంది." రెండు వందలమంది ఆమెన్ అన్నారు. ఆ ఆమెన్ దెబ్బకి ఆవిడ మళ్లీ చాపమీద కూలబడింది.

పది దాటాక గోతులు తవ్వే జట్టు వచ్చింది. నాయకుడు సైజీ. పార భుజాన వేసుకుని, తిన్నగా పాయింటుకి వచ్చాడు. "ఎన్ని గోతులు?"

వైసన్ గోడమీద వేలితో ఎంచాడు. "ఇరవై ఒకటి."

"ఇరవై ఒకటా! మా నడుములేమైనా గోదాము గోడలా?" సైజీ పార కింద పడేశాడు. "ఒక్క పెద్దది తవ్వుతాం. అందరూ సర్దుకోవాలి. వాన పడి మట్టి మెత్తగా ఉంది కాబట్టి ఒప్పుకుంటున్నాను. కోడికూర, ఎన్‌సిమా ముద్ద పన్నెండుమందికి. ఎముకలు కాదు, కూర."

"ఒరేయ్ సైజీ, తవ్వకురా! నా మాట విను!" ఫైనెస్ అతని కాలు పట్టుకుంది.

"ఊరుకో పెద్దమ్మా. లోతుగానే తవ్వుతాంలే, హైనాల భయం లేదు."

వాళ్లు పాడుకుంటూ పోయారు. సైజీని చూడటానికి జనం అటు తిరిగిన ఆ అరనిమిషంలో ఫైనెస్ చాపమీద నుంచి దొర్లి, నిచ్చెన ఎక్కి, ఇరవై రెండో వరస గీకేసింది. రగ్బీ. ఎవరో ఆమె పావడా పట్టుకుని కిందికి లాగి, పదకొండున్నర దాకా చాపమీద నుంచి కదలనివ్వలేదు. మిగిలింది ఒక్కటే. ఎర్రరంగు డబ్బా మూత తియ్యలేదు. కొత్త కుంచె నడుముకి చెక్కి ఉంది.

పన్నెండుకి పది నిమిషాలు ఉందనగా జనం రెండుగా చీలి దారిచ్చారు. ఊరిపెద్ద నంగోమా వచ్చింది. డెబ్భై అయిదేళ్ల మనిషి, ఒక చేతిలో కర్ర, రెండో చెయ్యి నడుముమీద. ముసాంగులో ఆమెకి చెప్పకుండా మేకని కూడా పూడ్చరు. ఆమె గోడని చూసింది, పిండి పళ్లాల గుట్టని చూసింది, చర్చి పెద్దని చూసింది.

"నా ఊళ్లో నాకు చెప్పకుండా చచ్చిందెవరు?"

వైసన్ గోడకేసి చూపించాడు. ఎమిలిడా ఫైనెస్‌కేసి చూసింది. ఫైనెస్ లేచి నిలబడి, పెదాలు తడుపుకుని, "అమ్మగారూ..." అంది.

అంతలోనే ఫోన్ కంపెనీ కారు హారన్. చైర్మన్ లాస్టన్ దిగాడు. వెనకే ఫోన్ కంపెనీ మనిషి, వాడి చేతుల్లో నాలుగు రంగు డబ్బాలు. గోడ పూర్తి కాలేదని నిరూపించడానికి చేతి గడియారం చూసుకుంటూ వచ్చిన మనిషి, మూడు వందలమంది నేలమీద కూర్చుని ఉండటం చూశాడు. అంత జనాన్ని ఆయన తన సొంత సభలో కూడా చూసి ఎరగడు. గడియారం జేబులోకి పోయింది, చేతిరుమాలు పైకి వచ్చింది. గోడకి వీపు పెట్టి, జనానికి మొహం పెట్టి నిలబడ్డాడు. జనం ఉన్నవైపు తప్ప ఆయన చూపు మరోవైపు తిరగదు.

"పోయింది మగా, ఆడా?" ఎమిలిడా చెవిలో గుసగుసగా అడిగాడు.

"అందరూ ఉన్నారండీ. పేర్లు గోడమీద ఉన్నాయి. ఇరవై రెండుమంది."

చైర్మన్ కనురెప్ప వెయ్యలేదు. "ఈ ఇరవై రెండుమందీ," అని గొంతు బొంగురు చేసుకున్నాడు, "నాకు సొంత అన్నలూ అక్కలూ! నా ఇంట్లో తిన్నారు, నా చాపమీద పడుకున్నారు. ఈ మార్కెట్ కోసం వాళ్లు పడ్డ కష్టం నాకు తెలుసు!"

ఫోన్ కంపెనీ మనిషి ఆయన చొక్కా లాగాడు. ఆయన వాడి చేతిని దులిపేశాడు.

"కమిటీ తరపున మాటిస్తున్నాను! ఈ గోడమీద ఉన్న ఈ పేర్లకి ఎండ తగలాలి, వాన తగలాలి, మనిషి చెయ్యి మాత్రం తగలకూడదు! ఒక్క అక్షరం చెరిపినా, ఒక్క అక్షరం కలిపినా, వాడు ఈ ఊరికి శత్రువు! నేను బతికి ఉండగా ఈ గోడమీద ఇంకే రంగూ పడదు!"

ఆడవాళ్లు హోరున ఏడ్చారు. చైర్మన్ కూడా నిజంగానే ఏడ్చాడు. ఓట్లు కళ్లముందు కనబడితే ఎవరికైనా కన్నీళ్లు ఆగవు.

"అయిందా?" అంది నంగోమా. "కూర్చో. ఫైనెస్, ఇప్పుడు చెప్పు. ఎవరు పోయారు?"

ఫైనెస్ చెప్పేసింది. బురద, బస్సులు, విరిగిన కుర్చీ, రెండు కొమ్మలు, అన్నీ. గోడమీద ఉన్నది మృతుల జాబితా కాదని, ఏడాదంతా ప్రపంచంలో ఎవరెవరు ఏయే ఆటలో గెలిచారో ఆ వరస అని చెప్పింది. మూడు వందల గొంతులు ఒక్కసారి లేచాయి.

"నా పిండి!"

"నేను రెండు గంటలు ఏడ్చాను!"

"జపాన్ పిల్ల బతికే ఉందా? మరి చెప్పవేం?"

"పొద్దున్నుంచీ చెబుతూనే ఉన్నాను!" ఫైనెస్ కోపం కట్ట తెంచుకుంది. "ఎవరు విన్నారు? నేను చేసింది తప్పే. కానీ ఒక్కటి చెప్పండి. ఆ పిల్లలు కప్పు తెచ్చిన రోజున బస్సు దిగితే మీలో ఎంతమంది వచ్చారు? నేనూ, ఒక కుక్కా. ఇవాళ ఎవడో ముక్కూమొహం తెలియని అర్మేనియావాడు పోయాడనగానే మూడు వందలమంది పిండి పళ్లాలతో వచ్చారు! ఆ పిల్లలు ఏం చేస్తే వస్తారు మీరు? చావాలా?"

చైర్మన్ మెల్లగా కారువైపు అడుగులు వేస్తున్నాడు. "మరైతే, చావు లేదు కాబట్టి, నేనన్న మాట కూడా..."

"ఆగు" అంది నంగోమా. ఆయన ఆగాడు. "ఇది ఉత్తుత్తి కొమ్మ వేసింది. నువ్వు ఏమీ కనుక్కోకుండా చావు చాపముందు మాటిచ్చావు. చావు దగ్గర ఇచ్చిన మాట వెనక్కి పోదు. అదలా ఉంచు. గొయ్యి తవ్వారా?"

"తవ్వేశాం అమ్మగారూ" అన్నాడు సైజీ, నడుం పట్టుకుని. "పెద్దది."

జనంలోంచి ఒక మూలుగు లేచింది. తెరిచిన గోతిని ఖాళీగా మూస్తే, అది తనకి కావలసినవాణ్ని తనే వెతుక్కుంటుంది. ఈ సంగతి ముసాంగులో పసిపిల్లకి కూడా తెలుసు.

"కాబట్టి ఇప్పుడు మనకొక చావు కావాలి" అంది నంగోమా తాపీగా. "ఎవరు పోతారో చెప్పండి."

మూడు వందలమంది నేలచూపులు చూశారు. ఫోన్ కంపెనీ మనిషి డబ్బాలు వదిలేసి కారెక్కి తలుపు వేసుకున్నాడు.

"ఏడాది పోతోందమ్మగారూ" అంది ఫైనెస్. "ఇవాళే దానికి ఆఖరి రోజు. గోడమీద ఉన్న వాళ్లంతా దాని బిడ్డలే."

నంగోమా చాలాసేపు గోడకేసి చూసింది. తరవాత కర్రతో నేలమీద ఒక్క పోటు పొడిచింది. "బాగుంది. ఏడాదినే పూడుద్దాం."

ఒక అరటిబోదె నరికి, చితెంజే గుడ్డలో చుట్టి, వైసన్ ప్రార్థన చదువుతుండగా సైజీ జట్టు ఆ సంవత్సరాన్ని గోతిలోకి దించింది. చైర్మన్ మొదటి పిడికెడు మట్టి వేశాడు. వేయించారు. ఉత్తుత్తి కొమ్మకి శిక్షగా ఫైనెస్ తన రెండు పెట్టల్ని సైజీ జట్టుకి కోసి పెట్టాలని తీర్పయింది. ఆ పూటకి ఆమెకి అది శిక్షలాగే అనిపించలేదు. గోడ దక్కింది! ఫోన్ కంపెనీ కారు దుమ్ము లేపుకుంటూ పోయింది. రెండు గంటలకి ఆమె ఎర్రరంగు డబ్బా మూత తీసింది, నడుము నుంచి కొత్త కుంచె లాగింది, నిచ్చెనమీద ఒక కాలు పెట్టింది.

ఎమిలిడా నిచ్చెన పట్టుకుంది. "ఏం రాస్తున్నావక్కా?"

"ఇంకేం రాస్తాను? నెట్‌బాల్. నీ కూతురి పేరు. ఏడుగురి పేర్లూ."

"దిగు."

"ఏంటే?"

"సమాధి అయిపోయింది. ప్రార్థన అయిపోయింది. ఇప్పుడిది సమాధిరాయి. దానిమీద నా తియామికే పేరు రాస్తావా? బతికున్న పిల్లని?" ఎమిలిడా గొంతు పైకి లేచింది. ఎక్కడి నుంచి వచ్చారో, మిగతా ఆరుగురు తల్లులూ వచ్చి నిచ్చెన చుట్టూ నిలబడ్డారు. పొద్దున ఫైనెస్‌ని చాపమీదికి లాగిన చేతులే.

"మీ పిల్లల కోసమే కదే ఇదంతా! ఆరు నెలలు తిరిగాను! పొద్దున్నుంచీ..."

"కావాలంటే నీ పేరు రాసుకో."

ఫైనెస్ ఊరిపెద్దవైపు చూసింది. నంగోమా తల అడ్డంగా ఊపింది. ఒక్క అక్షరం కలిపినా ఊరికి శత్రువని చైర్మన్ అన్నాడు కదా, చావు చాపముందు.

ఫైనెస్ నిచ్చెన దిగి, గోడకి ఎదురుగా నేలమీద కూర్చుంది. ఇరవై రెండు వరసలు, ఎండలో నిగనిగలాడుతూ. బాణాలవాడు ఉన్నాడు, మంచుమీద జారే ఆవిడ ఉంది, కూర్చుని ఆడే అర్మేనియావాడు కూడా ఉన్నాడు. కింద అడుగున్నర ఎత్తున తెల్ల సున్నం, ఖాళీ. నెట్‌బాల్‌ని ఆఖర్న పెడతాడని పదకొండేళ్లుగా రేడియోవాణ్ని తిట్టింది. తీరా తను కూడా ఆఖర్నే పెట్టింది. ఎర్రరంగులో పెడుతున్నాను కదా అని పెట్టింది. ఆ రోజు ఆమె కళ్లు నిజంగా తడిసింది అప్పుడే. అప్పుడు ఓదార్చడానికి ఎవరూ రాలేదు, అందరూ పిండి పళ్లాలు వెతుక్కుంటున్నారు.

ఆ గోడ ఇప్పుడు ఎవరిదీ కాదు. కంపెనీ ముట్టుకోదు, కమిటీ ముట్టుకోదు, వచ్చే ఏడాది ఫలితాలు రాయడానికి ఫైనెస్ కూడా ముట్టుకోకూడదు. ప్రపంచంలో ఎక్కడ ఎవరు ఎవరిని ఓడించినా, ముసాంగులో మాత్రం ఆ ఇరవై రెండుమందే కలకాలం విజేతలు.

కాబట్టి కమిటీ పెద్దలారా, ఏడ్చింది చాలు, పని చూడండి. మీ ఆఫీసు ముందుగోడ, రోడ్డువైపుది, దాన్ని సెలవులయ్యి బడి తెరిచేలోగా సున్నం వేయించి ఫైనెస్‌కి అప్పగించాలి. మెలికలు వద్దు, గడియారాలు వద్దు. మొదటి వరస నెట్‌బాల్, ఏడుగురి పేర్లు, అడుగు ఎత్తు ఎర్ర అక్షరాలు. ఆ తరవాతే మిగతా ప్రపంచం, చోటు మిగిలితే. ముందున్న గుంట పూడ్చాలి. సుద్దముక్కలు పారబోసి ఆ కప్పుని కిటికీలో పెట్టాలి. మధ్యాహ్నం పూట ఆ గోడకి కుర్చీ చేరవేసి కునుకు తీసే చైర్మన్ గారు కొంచెం పక్కకి జరిగితే మంచిది, ఆ ఎర్రరంగు ఉతికినా పోదు.